వీధివంట

ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన పెద్దల సామెత. ఇందలి మొదటి మాటను వీధిలో వండి అమ్మువారు ప్రతిదినము పరీక్షకు పెట్టుచున్నారు. పనిచేసి అలసి బండి ముందు నిలిచినవాడు మిక్కిలి ఆకలితోనే నిలుచును. అయినను పచ్చడిలో ఉప్పు తగ్గినచో మరునాడు అతడు ప్రక్క బండికి పోవును. జమీందారుని వంటవానికి యజమానుడొక్కడే; వీధిలో వండువానికి దారిని పోవు ప్రతివాడును యజమానుడే. కనుక వాని వంట చవుకగా ఉండవలెను, త్వరగా కావలెను, రుచిగాను ఉండవలెను. ఈ మూడింటిని ఒక్క పొయ్యిమీద సాధించుట సామాన్యమైన పని కాదు. కూటికొరకు కోటి విద్యలన్నారు. ఆ కూడు వండి పెట్టుటయు ఆ కోటిలో ఒక గొప్ప విద్యయే.

ఇంటికి దూరమైనవారు పెక్కుమంది ఒకచోట చేరినప్పుడు అచ్చట వీధివంట పుట్టును. ఈ మాట ఒక్క దేశమునకు చెందినది కాదు. జపానులో ఇట్లే జరిగినది. ఫిలిప్పీన్సులో ఇట్లే జరిగినది. నేడు హైదరాబాదు ప్రక్కన పుప్పాలగూడలో అందరి కన్నులయెదుట జరుగుచున్నది.

పుప్పాలగూడ గోలకొండ కోటకు పడమట, రంగారెడ్డి జిల్లా గండిపేట మండలములో ఉన్నది. ఒకప్పుడు అది రాతిగుట్టల నడుమ పొలములు గల పల్లె. 1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్సు భవనము ప్రారంభమైన పిదప ఆ పరిసరములు హైటెక్ సిటీగా పెరిగినవి. ఆ పెరుగుదల గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల మీదుగా వ్యాపించి పుప్పాలగూడను కూడ ముంచెత్తినది. నేడు అచ్చటి గుట్టల సరసన ఆకాశమునంటు మేడలు నిలిచియున్నవి. ఆ మేడలలో కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయువారు శ్రీకాకుళము, కర్నూలు, ఖమ్మము మొదలగు జిల్లాలనుండి వచ్చినవారు. ఆ మేడలను కట్టువారు పాలమూరునుండి, ఒడిస్సానుండి, బీహారునుండి వచ్చినవారు. జీతముల విషయమున వారికిని వీరికిని హస్తిమశకాంతరము. కాని ఒక్క విషయమున ఇరువురును సమానులే. ఇరువురికిని అమ్మచేతి వంట దూరమైనది.

ఆ లోటును కొంతయైనను తీర్చునది రోడ్డు ప్రక్కనుండు టిఫిను బండి. కోడి కూయకమునుపే బండి నడుపు ఇల్లాలు నిదుర లేచును. రాత్రి రుబ్బియుంచిన పిండి అప్పటికి పొంగియుండును. పల్లీల పచ్చడి, అల్లపు పచ్చడి, సాంబారు గిన్నెలకెత్తి, గ్యాసు సిలిండరును, నీళ్ల క్యానులను బండిపై చేర్చి, తెల్లవారుసరికి తన చోటికి చేరును. పెనము కాలినదో లేదో తెలిసికొనుటకు ఆమెకు గడియారముతో పనిలేదు. నాలుగు చుక్కల నీరు చిలుకరించి ఆ చప్పుడు వినును. సగము కోసిన ఉల్లిగడ్డతో పెనము రుద్ది, గరిటెడు పిండి పోసి, మూడు చుట్లలో దోసె తీర్చును. ఒక ప్రక్క మెడలో గుర్తింపు కార్డు వ్రేలాడు యువకుడు నిలుచును. వాని భుజమునకు తగులుచు, చేతులకు సిమెంటు అంటిన మేస్త్రి నిలుచును.

"అక్కా, ఒక కారం దోసె" అని ఒకరు, "అమ్మా, నాలుగు ఇడ్లీ, సాంబారు జర ఎక్కువ పొయ్యి" అని యొకరు కేకవేయుదురు.

"ఆగు బిడ్డా, పెనం కాలాలె" అని ఆమె అందరికి ఒక్క తీరుగనే బదులు చెప్పును. ముందు వచ్చినవానికి ముందు వడ్డించుటయే ఆ బండి శాసనము. జీతపు చీటీ చూచి వరుస మార్చు అలవాటు అచ్చట లేదు.

సాయంకాలమునకు బండ్ల రూపు మారును. మిరపకాయ బజ్జీలు, గుంటపొంగనాలు, చైనా పేరు పెట్టుకొని మన మసాలాతో వెలయు నూడిల్సు, హిమాలయ ప్రాంతములనుండి వచ్చిన మోమోలు వరుసగా దర్శనమిచ్చును. దేశాంతరపు వంట ఏదైనను మన ఊరిలో సామాన్యుని చేరుటకు బండి యెక్కి రావలసినదే.

ఇట్టి ఒక సాయంకాలమున ఒక అన్నయు చెల్లెలును పొంగనాల బండి యొద్ద నిలిచియుండిరి. అన్న సాఫ్టువేరు ఇంజనీరు. టోక్యో నగరమున మూడేండ్లు పనిచేసి తిరిగివచ్చినవాడు. ఆ నగరపు తూర్పుభాగమున నిషికసాయి యను పేటలో భారతీయులు పెక్కుమంది కాపురమున్నారు. అతడును అచ్చటనే ఉండెను. చెల్లెలు ఫిలిప్పీన్సు దేశములోని దవావు నగరమున వైద్యవిద్య చదివినది. తెలుగు బాలబాలికలు ఎందరో ఆ నగరమునకు వైద్యము చదువుటకై వెళ్లుచుందురు. ఇరువురును పరదేశమున వీధివంట తిని ఆకలి తీర్చుకొన్నవారే.

అన్న పెనమువైపు చూపి, "చెల్లీ, ఈ పెనమును నేను ఒసాకాలో చూచినాను. ఇవే గుంటలు, పుల్లతో త్రిప్పుటయు ఇదే. లోపల పెట్టునది మాత్రమే వేరు" అనెను.

అతడు చెప్పినది తాకోయాకి యను వంటకము. ఇది ఒసాకా నగరమున 1935లో రూపొందినది. గోధుమపిండిని పలుచగా కలిపి, గుంటల పెనములో పోసి, నడుమ అష్టపాది యను సముద్రజీవి ముక్క నుంచి, సన్నని పుల్లతో త్రిప్పుచు ఉండగా గుండ్రముగా కాలును. దానిపై నల్లని చిక్కని పులుసు పూసి, ఎండుచేపను కాగితముకంటె పలుచగా చెక్కిన పొరలు చల్లుదురు. వేడికి ఆ పొరలు ప్రాణమున్నట్లు కదలుచుండును. మన పొంగనము మినుములు, బియ్యములతో చేసినది. వారిది గోధుమతో చేసినది. సముద్రముల కీవల ఆవల ఉన్న ఇద్దరు వంటవాండ్రు ఒకరినొకరు ఎరుగకయే ఒకేవిధమైన పెనమును ఉపయోగించుట వింత గొలుపును. ఆలోచింపగా అందు వింత లేదు. చేతిలో పట్టుటకు వీలుగ, రెండు గ్రుక్కలలో తినుటకు వీలుగ పదార్థమును మలచవలెనన్న అవసరము ఇరువురిదియు ఒక్కటే.

జపానువారు వీధిలో కొన్నదానిని నడచుచు తినుట మర్యాదగా ఎంచరు. బండి ప్రక్కన నిలిచి తిని, కాగితపు దొప్పను ఆ బండివానికే ఇచ్చి పోవుదురు. తినుటకు ముందు "ఇతదాకిమాసు" అందురు; వినయముతో గ్రహించుచున్నానని దాని భావము. విందుశాలలోనైనను వీధిలోనైనను ఆ మాట ఒక్కటే.

జపానులో వీధివంట వర్ధిల్లిన కథ పుప్పాలగూడ కథను పోలియుండును. నేటి టోక్యోకు పూర్వము ఎడో యని పేరు. 1657లో ఆ నగరము ఘోరమైన అగ్నిప్రమాదమున చాలభాగము బూడిదయయ్యెను. దానిని తిరిగి కట్టుటకు నలుదిక్కులనుండి వడ్రంగులు, కూలీలు వచ్చిరి. ప్రభువుల కొలువులో ఉండుటకు సైనికులు వచ్చిరి. వీరిలో పెక్కురు భార్యాబిడ్డలను స్వస్థలములందు విడిచి వచ్చినవారే. వారి ఆకలి తీర్చుటకై వీధివీధిని బండ్లు వెలసెను. కొయ్య యిండ్లలో నూనె కాచిన నిప్పంటుకొనునను భయముచే, నూనెలో వేయించు తెంపురా యను వంటకము ఆరుబయట బండ్లపైననే పెరిగెను.

నేడు ధనికుల వంటగా పేరొందిన సుషి కూడ ఆ బండ్లమీదనే ఈ రూపు దాల్చెను. పూర్వము చేపను అన్నముతో కలిపి నెలల తరబడి పులియబెట్టి తినెడివారు. నగరవాసికి అంత ఓపిక లేదు. అందుచే అన్నమునకు పుల్లని వినిగర్ కలిపి, పిడికిటిలో ముద్దగా నొక్కి, పైన చేపముక్క నుంచి అప్పటికప్పుడు ఇచ్చు పద్ధతి పందొమ్మిదవ శతాబ్ది తొలి దశాబ్దములలో ఎడోలో వచ్చినది. హనయా యోహెయ్ అను వంటవాని పేరు ఈ సందర్భమున చెప్పుదురు. ఆనాటి ముద్ద నేటి ముద్దకంటె చాల పెద్దది. పనివాడు రెండు మూడు ముద్దలతో కడుపు నింపుకొని పోవుచుండెను.

కాలక్రమమున ఆ ముద్ద వీధి విడిచి ఇంటిలోనికి పోయినది. వంటవాని యెదుట పొడవైన బల్ల వేసి, ఆ బల్లముందు కూర్చుండి తిను అంగళ్లు వచ్చినవి. తినువాడు వంటవాని చేతులను చూచుచు తినుట బండి నాటి అలవాటే. గోడలు వచ్చినను ఆ అలవాటు పోలేదు. 1958లో యొషియాకి షిరాయిషి అను నతడు ఒసాకా పరిసరమున మరియొక మార్గము కనిపెట్టెను. బీరు కర్మాగారమున సీసాలు పట్టీపై సాగిపోవుట చూచి, సుషి పళ్లెములు అట్లే తిరుగు అంగడిని అతడు నెలకొల్పెను. తినువాడు కదలడు, పళ్లెము వచ్చును. వెల తగ్గినది, సామాన్యునకు సుషి మరల అందినది. ఒక్క ముద్ద అన్నము బండియొద్ద కూలివాని ఆకలి తీర్చినది, బల్లముందు రసికుని మెప్పించినది, తిరుగు పట్టీమీద పిల్లలతో వచ్చిన గృహస్థుని అలరించినది. నేడు హైదరాబాదులో అద్దాల భోజనశాలలలో చల్లని గాలిలో వెలువడుచున్నది. పదార్థము మారలేదు, చోటు మారగా వెలయు, మర్యాదయు, తినువాడును మారినారు.

అన్న చెప్పినది విని చెల్లెలు, "అన్నయ్యా, మా దవావులో కావడి మోసి అమ్మెడివారు" అనెను.

ఫిలిప్పీన్సులో తాహో యను పదార్థము కలదు. సోయా చిక్కుడు పాలనుండి చేసిన మెత్తని జున్నువంటి ముద్దపై బెల్లపు రంగుగల పాకము పోసి, సగ్గుబియ్యము వేసి ఇచ్చుదురు. అమ్మువాడు భుజముపై బద్ద వేసి, దానికి రెండు వైపుల రెండు లోహపు డబ్బాలు వ్రేలాడదీసి, ప్రొద్దున్నే "తాహో" అని దీర్ఘము తీయుచు వీధుల తిరుగును. అది మన కావడియే. సాయంకాలము బడులు విడుచువేళ చేపముద్దలు వేయించు త్రోపుడు బండ్లు వచ్చును. పిల్లలు పుల్లతో గ్రుచ్చుకొని, కారముతోనో, తీపితోనో, వెల్లుల్లి వేసిన వినిగర్‌తోనో తినుదురు. ఏ రుచి ఎంత కావలెనో తినువాడే నిర్ణయించుకొనుట ఆ దేశపు పద్ధతి. వంటలో చివరి భాగమును తినువానికి విడిచిపెట్టుదురు. మన బండియొద్ద "ఇంకొంచెం కారం వెయ్యి" అనుటకు ఇది దగ్గర చుట్టము. అరటిపండ్లకు చక్కెర పట్టించి వేయించి పుల్లకు గ్రుచ్చి అమ్ముటయు అచ్చట కలదు.

వీధిప్రక్కనుండు చిన్న పూటకూటి యిండ్లను అచ్చట "తురో తురో" అందురు. "చూపు, చూపు" అని దాని యర్థము. వండిన కూరలు గిన్నెలలో వరుసగా పెట్టియుండును. వచ్చినవాడు వ్రేలితో చూపగా వడ్డించుదురు. భాష రాని పరదేశపు విద్యార్థికి అది మిక్కిలి ఉపకారము. దవావు చేరిన క్రొత్తలో చెల్లెలు పేర్లు తెలియకయే వ్రేలు చూపి కడుపు నింపుకొన్నదట.

"అందరు చెమ్చాతో తినెడివారు. ఒక పండుగనాడు మాత్రము బల్లనిండ అరటియాకులు పరచి, నడుమ అన్నము రాశిపోసి, చుట్టును చేరి చేతులతో తిన్నారు. నాకు మన ఊరి పెండ్లి పంక్తి జ్ఞప్తికి వచ్చి కన్నులు చెమర్చినవి" అని ఆమె చెప్పెను. చేతితో తినుటను అచ్చట కమాయన్ అందురు. స్పెయిను, అమెరికా దేశముల పాలనలో చెమ్చా, ముండ్లగరిటెలు వ్యాపించినను, ఆ పూర్వపు పద్ధతి మరువబడలేదు. నేడు పెద్ద భోజనశాలలు సైతము దానిని గౌరవముతో చూపుచున్నవి.

అన్న చూచిన దేశమును చెల్లెలు చూచిన దేశమును కలుపు పదార్థము కూడ ఒకటి కలదు. దాని పేరు హాలో హాలో. కలగలుపు అని యర్థము. తురిమిన మంచుగడ్డపై తీపి గింజలు, పండ్ల ముక్కలు, పాలు వేసి కలిపి తినుదురు. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము మనీలాలో స్థిరపడిన జపానీయులు మంచుతురుముపై తీపి గింజలు వేసి అమ్మిరనియు, దానినుండి ఇది పెరిగినదనియు చరిత్ర తెలిసినవారు చెప్పుదురు. ఆ మంచుతురుము మన వేసవి గోలాకు సోదరుడు.

బండి ఇల్లాలు పొంగనాలు త్రిప్పుచునే ఈ మాటలన్నియు వినుచుండెను. బాతుగ్రుడ్డులో పిల్ల రూపు కట్టిన పిదప ఉడికించి, ఫిలిప్పీన్సులో బలూత్ అను పేర రాత్రివేళ అమ్ముదురని విన్నప్పుడు ఆమె నవ్వి, "ఎవరి తిండి వాళ్లకు ముద్దు" అనెను. తరువాత కొంత తడవు ఊరకుండి, నెమ్మదిగా ఇట్లడిగెను: "మరి బాబూ, ఆ దేశాలల్ల బండ్లోళ్లను లేపుతరా?"

అన్నాచెల్లెండ్రు వెంటనే బదులు చెప్పలేకపోయిరి. రోడ్డు వెడల్పు చేయుదురను మాట విని ఆమె కొన్ని దినములుగా దిగులుతో ఉన్నది. ఆ నాలుగడుగుల చోటు పోయినచో బిడ్డల చదువు, ఇంటి అద్దె, పెనమునకు చేసిన అప్పు అన్నియు తలక్రిందులగును. వంటకముల చరిత్రను ముచ్చటించుకొనువారికి తోచని ప్రశ్న, ఆ వంటతో బ్రతుకు నడుపుకొను ఆమెకు మొట్టమొదట తోచినది.

ఆ ప్రశ్నకు జపాను రెండు విధములైన సమాధానములు చెప్పినది. యుద్ధానంతరము ఆరోగ్యమునకై, రాకపోకల సౌకర్యమునకై అనేక నగరములందు బండ్లు తొలగింపబడినవి. కాని ఫుకువోక నగరమున అవి నిలిచినవి. వానిని యతాయి అందురు. సాయంకాలము బండి తెచ్చి, గుడ్డ కట్టి, ఎనమండ్రో పదిమందియో కూర్చుండునట్లు బల్ల వేసి, తెల్లవారకమునుపే అంతయు విప్పి, చోటు కడిగి వెళ్లవలెను. ఒకప్పుడు నాలుగు వందలకు మించియున్న ఆ బండ్లు తగ్గి తగ్గి నూటికి వచ్చినవి. యజమానుని తరువాత అతని కుటుంబమువారికి తప్ప అనుమతి దక్కదను కట్టుబాటు ఇందుకు ఒక కారణము. ఆ బండ్లు నగరమునకు అందమనియు, ఆస్తియనియు గుర్తించి 2013లో ఫుకువోక నగరసభ ఒక శాసనము చేసినది. బండి కొలతలు, నిలుపు చోటు, శుభ్రత నియమములు అందు నిర్ణయింపబడినవి. పచ్చి పదార్థములు వడ్డింపరాదు. పిమ్మట క్రొత్తవారికిని ప్రకటన ద్వారా అవకాశము కల్పింపబడినది. నియమము కఠినమైనదే, కాని అది బండివానికి చోటు చూపిన నియమము.

మన దేశమున 2014లో పార్లమెంటు వీధి విక్రేతల జీవనోపాధిని రక్షించుటకు ఒక చట్టము చేసినది. దాని ప్రకారము ప్రతి పట్టణమున విక్రేతలను లెక్కించి, ధ్రువపత్రము లీయవలెను. లెక్క ముగిసి పత్రములిచ్చు వరకు ఎవరిని తొలగింపరాదు. అమ్మకములకు చోట్లు నిర్ణయించు సంఘమున నూటికి నలుబదిమందికి తక్కువగాక విక్రేతల ప్రతినిధులే ఉండవలెను. ఆ ప్రతినిధులలో మూడవవంతు స్త్రీలు కావలెను. ఆహారము అమ్ము చిన్న వర్తకులు సైతము పేరు నమోదు చేయించుకొని, శుభ్రత పాటింపవలెనని 2006 నాటి ఆహార భద్రత చట్టము చెప్పుచున్నది. పుప్పాలగూడ ఇల్లాలు ఈ చట్టములను చదివియుండకపోవచ్చును. చదువుకొన్నవారు ఆమెకు వానిని చెప్పవచ్చును. ఆనాటి సాయంకాలము చెల్లెలు చేసినది అదియే. దరఖాస్తు ఎట్లు వ్రాయవలెనో ఒక కాగితముపై తెలుగున వ్రాసియిచ్చి, మరునాడు తోడు వచ్చెదనని మాటయిచ్చినది.

నడచువానికి దారి కావలెననుట న్యాయమే. రోగికి ఆసుపత్రి చేరు త్రోవ కావలెననుటయు న్యాయమే. మురికినీటితో కడిగిన పళ్లెము ఎవరికిని మేలు చేయదు. కాని ఈ న్యాయములను నిలుపుటకు బండిని తొలగించుట ఒక్కటే మార్గము కాదు. మంచినీటి కొళాయి, చెత్తకుండీ, గీత గీసి చూపిన చోటు ఏర్పరచినచో, దారియు మిగులును, బండియు మిగులును. తినువారికిని కొన్ని ధర్మములు కలవు. ఎంగిలి దొప్పను రోడ్డున పారవేయరాదు. వాహనమును దారి కడ్డముగ నిలుపరాదు. పెద్ద భోజనశాలలో అడిగినంత చెల్లించి వచ్చి, బండియొద్ద రెండు రూపాయలకు బేరమాడరాదు.

ఎడో నగరపు బండ్లవారి పేర్లలో మిక్కిలి కొన్నియే నేడు మిగిలినవి. వారు నొక్కియిచ్చిన ముద్ద మాత్రము లోకమంతయు తిరుగుచున్నది. పుప్పాలగూడ పెనములపై నేడు కాలుచున్న వంటలలో ఏది రేపు దేశదేశముల బల్లలపైకి చేరునో ఎవరు చెప్పగలరు? ఆ దినము వచ్చునంతవరకు దానిని వండు చేతులకు నిలువ నీడ యుండవలెను. తినుటకు వచ్చినవారందరు ఆ మాట గుర్తుంచుకొన్నచో, ఆ ఇల్లాలి ప్రశ్నకు మన ఊరే మంచి సమాధానము చెప్పగలుగును.